రిపేరుకిస్తే ప్యాటర్న్ అడుగుతున్నారు, చెప్పాలా?

పటమట_వాసి:
ఫోను డిస్‌ప్లే పగిలింది, టచ్ సగం వరకే పనిచేస్తోంది. గవర్నర్‌పేటలో ఒక షాపులో చూపిస్తే ఫోను వదిలేసి సాయంత్రం రమ్మన్నారు, ప్యాటర్న్ కూడా చెప్పి వెళ్లమన్నారు. లేకపోతే టెస్ట్ చేయలేరట. ఫోన్‌పే, బ్యాంకు యాప్, ఇంట్లోవాళ్ల ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. బెజవాడ, గుంటూరు వాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తున్నారు?

అరండల్‌పేట_టెక్నీషియన్:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. డిస్‌ప్లే మార్చడానికి లాక్ తీయక్కర్లేదండి. టచ్ ఎక్కడైనా పోయిందేమో ఎమర్జెన్సీ కాల్ ప్యాడ్ మీద అంకెలు నొక్కి చాలావరకు చూడొచ్చు. కెమెరా లాక్ ఉన్నా తెరుచుకుంటుంది. ఛార్జింగూ అంతే. మిగతావి మీరొచ్చాక మీ చేతే లాక్ తీయించి ఎదురుగా చూపించొచ్చు.

మరి ఎందుకు అడుగుతారంటే, ఫోను తీసుకెళ్లిన మర్నాడు "ఇదివరకు స్పీకర్ బాగుండేది, మీరే పాడుచేశారు" అని గొడవకొచ్చేవాళ్లు ఉంటారు. ముందే అన్నీ చూసిపెట్టుకోవాలనుకుంటారు. అందరూ దొంగలని కాదు. కానీ మీరు చెప్పిన ప్యాటర్న్ ఎక్కడ రాసుకుంటారో గమనించారా? ఫోను వెనక అంటించిన స్టిక్కర్ మీద తొమ్మిది చుక్కలు పెట్టి గీత గీస్తారు. ఆ బల్ల దగ్గరికి ఎవరొచ్చినా కనపడుతుంది. నాకు నచ్చని పద్ధతి అదే.

శాంసంగ్ కొత్త మోడళ్లలో మెయింటెనెన్స్ మోడ్ అని ఉంది, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అంటారు. అది ఆన్ చేసి ఇస్తే మీ ఫోటోలు, మెసేజ్‌లు, యాప్‌లు ఏవీ కనపడవు. ఖాళీ ఫోనులా తెరుచుకుంటుంది. మళ్లీ మామూలుగా రావాలంటే మీ లాక్ కావాల్సిందే. టచ్ సగమే పనిచేస్తోందన్నారు కదా, ఓటీజీ (ఫోనుకి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న కనెక్టర్) పెట్టి కంప్యూటర్ మౌస్ తగిలించండి, స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. దాంతో సెట్టింగ్స్‌లోకి వెళ్లొచ్చు. సిమ్, మెమరీ కార్డు తీసేసుకుని ఫోను ఇవ్వండి.

కృష్ణలంక_పంతులమ్మ:
ఇంకోటి కలపండి. ఫోను తిరిగొచ్చాక వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీ వాట్సాప్ ఇంకే కంప్యూటర్‌లో తెరిచి ఉందో అక్కడ తెలుస్తుంది. మా స్కూల్లో ఒక మేడమ్ ఫోను రిపేరు నుంచి తెచ్చుకున్నాక అందులో ఎవరిదో కంప్యూటర్ కనపడింది. షాపువాళ్లదే అని రుజువు లేదు. అడిగితే "మాకేం తెలుసు మేడమ్" అన్నారు. లాగవుట్ చేసి టూ స్టెప్ వెరిఫికేషన్‌కి ఆరంకెల పిన్ పెట్టుకుంది. ఆడవాళ్లకి డబ్బుకంటే ఫోటోల టెన్షనే ఎక్కువ, ఈ మాట షాపుల వాళ్లకి అర్థం కాదు.

వన్‌టౌన్_బట్టలకొట్టు:
రిపేరు సంగతి సరే, పోయిన ఫోను సంగతి చెప్పండి. మా బావమరిది ఫోను నెహ్రూ బస్టాండులో బస్సెక్కే తోపులాటలో కొట్టేశారు. ఫోనుకి వేలిముద్ర లాక్ ఉందని ధీమాగా ఉన్నాడు. దొంగ లాక్ జోలికే పోలేదు, సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకున్నాడు. ఇక ఓటీపీలన్నీ వాడికే.

రిటైర్డ్_క్యాషియర్_గుంటూరు:
అందుకే సిమ్‌కి కూడా పిన్ పెట్టుకోవాలి బాబూ. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. ఫోను ఆపి తీసినా, సిమ్ వేరే ఫోనులో వేసినా పిన్ అడుగుతుంది. సిమ్ కంపెనీవాళ్లు పెట్టిన మొదటి పిన్ ఏమిటో ముందు కనుక్కుని అప్పుడు మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే, అంటే సిమ్ లాక్ తీసే కోడ్, అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ పారేయడమే. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా కూడా పెట్టుకోండి, ఓటీపీ చదవడానికి లాక్ తీయాల్సిన పని లేకుండా ఉంటోంది చాలామందికి.

ఫోను పోతే మొదట సిమ్ బ్లాక్, తర్వాతే మిగతావి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. పోలీసు కంప్లైంట్ కాపీ, డూప్లికేట్ సిమ్ చేతికొచ్చాక కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, బ్లాక్ చేయించొచ్చు. ఐఎంఈఐ ఫోను బాక్సు మీద ఉంటుంది. ఇప్పుడే *#06# కొట్టి ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

బ్రాడీపేట_హాస్టల్:
అంకుల్, ఆ సంచార్ సాథీ యాప్ మన ఫోను మీద నిఘా పెడుతుందని అప్పట్లో గొడవ అయింది కదా?

రిటైర్డ్_క్యాషియర్_గుంటూరు:
అయింది. కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలని కేంద్రం వాళ్లు అన్నారు, 2025 డిసెంబర్ మొదటి వారంలోనే వెనక్కి తీసుకున్నారు. అనుమానం ఉంటే యాప్ వేసుకోకండి, వెబ్‌సైటులో పని జరుగుతుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అక్కడే చూడొచ్చు. మన రాష్ట్రంలో మనిషికి తొమ్మిది దాకా ఇస్తారు. మీవి కానివి కనపడితే అక్కడే రిపోర్ట్ కొట్టండి.

యార్డు_గుమస్తా:
మిర్చి యార్డు నుంచి. మా కొట్టుకి సరుకు తెచ్చే రైతు ఒకాయనకి వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఫైలు వచ్చింది. పంపింది తెలిసినాయన నంబరే. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది, మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగింది, ఇచ్చాడు. తర్వాత ఆయన నంబరు నుంచే ఊరి గ్రూపులన్నిటికీ అదే ఫైలు వెళ్లింది. మధ్యలో బ్యాంకు నుంచి డబ్బు కట్ అయింది. యాప్ తీసేశాం, ఇంకేమైనా చేయాలా?

అరండల్‌పేట_టెక్నీషియన్:
తీసేస్తే సరిపోదన్నా. ముందు ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోను నుంచి 1930కి, బ్యాంకుకి చెప్పండి. బ్యాంకు పాస్‌వర్డులు కూడా వేరే ఫోనులోంచే మార్చాలి. కాంటాక్టులు, ఫోటోలు కాపీ చేసుకుని ఫోను రీసెట్ కొట్టడమే మంచిది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పెళ్లి కార్డు కాదు, ట్రాఫిక్ చలానా కాదు, యాప్. ఏ ప్రభుత్వ పథకమూ వాట్సాప్‌లో యాప్ పంపదు. ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ రక్షణ) ఆపమని అడిగితే ఇక అనుమానమే అక్కర్లేదు.

రిటైర్డ్_క్యాషియర్_గుంటూరు:
బ్యాంకుకి ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెప్తే భారం మన మీద పడదు. ఓటీపీ, పాస్‌వర్డ్ మనమే ఇచ్చి ఉంటే, చెప్పేదాకా పోయింది మన నష్టం, చెప్పాక పోయింది బ్యాంకు నష్టం. ఈ రైతు కేసుని బ్యాంకు ఆయన తప్పు కిందే వేయాలని చూడొచ్చు. ఫిర్యాదు నంబరు, టైము రాసిపెట్టుకోండి.

బ్రాడీపేట_హాస్టల్:
నా ప్రశ్న వేరే. హాస్టల్, కోచింగ్ సెంటర్, సిమ్ షాపు, ఎక్కడికెళ్లినా ఆధార్ కాపీ అడుగుతారు. మేమంతా జెరాక్స్ షాపు వాట్సాప్ నంబరుకి పీడీఎఫ్ పంపి ప్రింట్ తీయించుకుంటాం. కొందరైతే ఓపెన్ అవ్వడానికి పాస్‌వర్డ్ కూడా అదే మెసేజ్‌లో పెడతారు. ఆ ఫైళ్లన్నీ ఎక్కడికి పోతాయి?

కృష్ణలంక_పంతులమ్మ:
మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకో అమ్మా, మొదటి ఎనిమిది అంకెలు కనపడవు. హాస్టల్‌కి అది చాలు, కాదంటే ఎందుకు కాదో అడుగు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా వేసుకో, నీ వేలిముద్ర ఇంకెవరూ వాడకుండా. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో మోసాలు జరిగాయి.

నెట్‌సెంటర్_కొత్తపేట:
ఆ ఫైళ్లు ఎక్కడికీ పోవు, మా కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. మీరు వాట్సాప్‌లో అందరికీ డిలీట్ కొట్టినా, మేం అప్పటికే సేవ్ చేసింది అలాగే ఉంటుంది. పీక్ టైములో జనం మీద పడుతుంటే తీసేయడం ఎవరికి గుర్తుంటుంది? చోటు నిండితేనే తీస్తాం. పెన్‌డ్రైవ్ తెమ్మంటే వైరస్‌లు మోసుకొస్తారు, అదో తలనొప్పి. ప్రింట్ చేతికి తీసుకునేటప్పుడే డిలీట్ చేయమని అడగండి, చేస్తాం. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి, ఆ సంగతి చాలామందికి తెలీదు.