అప్‌డేట్: ఎల్‌ఆర్‌వై దొరికింది, తప్పు నాదే

డల్స్ అనే ఎర్ర సముద్రనాచు ప్రొటీన్లను కంప్యూటర్‌లో ముక్కలు చేస్తే, రక్తపోటుతో సంబంధమున్న ఏసీఈ ఎంజైమును అడ్డుకునే ఎల్‌ఆర్‌వై అనే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) ఎందుకు రావడం లేదని పోయిన వారం అడిగాను. ‘ముందు కోసే ఎంజైము ఏదో చూసుకోండి’ అన్నవారికి దండాలు.

నేను ఎంచుకున్నది ట్రిప్సిన్. అది ప్రొటీన్ గొలుసును లైసిన్, అర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది. ఎల్‌ఆర్‌వై అంటే ల్యూసిన్, అర్జినిన్, టైరోసిన్. సరిగ్గా నడుమ అర్జినిన్! కావలసినదాన్ని నేనే తెగ్గోసి, కనిపించలేదని గగ్గోలు పెట్టాను.

ప్రయోగశాలలో దీన్ని రాబట్టింది థర్మోలైసిన్ అనే మరో ఎంజైముతో. అది ల్యూసిన్, వాలిన్ వంటి నీటికి పొసగని అమైనో ఆమ్లాలకు ముందు కోస్తుంది. డల్స్‌లోని ఎర్ర రంగు ప్రొటీన్ ఫైకోఎరిత్రిన్ బీటా గొలుసును మళ్లీ అక్షరం అక్షరం చదివాను: ఐసోల్యూసిన్, ల్యూసిన్, అర్జినిన్, టైరోసిన్, వాలిన్. ల్యూసిన్‌కు ముందొక కోత, వాలిన్‌కు ముందొక కోత. ఎల్‌ఆర్‌వై శుభ్రంగా విడివడింది. ప్రొటీన్ కోతలు చూపే పెప్టైడ్‌కట్టర్ అనే ఆన్‌లైన్ పరికరంలో ఎంజైము మార్చడానికి అర నిమిషం పట్టింది. అంతకుముందు వృథా అయిన మూడు రోజుల సంగతి అడగకండి.

పెప్టైడ్‌ల డేటాబేస్ బయోపెప్‌లో సరిపోలిన రెండక్షరాల (రెండే అమైనో ఆమ్లాల) ముక్కల జాబితాను మాత్రం పక్కన పెట్టేశాను. అంత చిన్నవి ఏ ప్రొటీన్‌లో వెతికినా కుప్పలుగా దొరుకుతాయి.

ఇప్పుడు కొత్త చిక్కు: మన పేగుల్లోనూ ట్రిప్సిన్ ఉంటుంది కదా, తిన్న ఎల్‌ఆర్‌వై అక్కడ నిలుస్తుందా?