ఎఫ్2 కుర్రాళ్లలో ఎఫ్1 సీటు ఎవరికొస్తుందో ఎలా పసిగడతారు?

ఫార్ములా 1 (ఎఫ్1) కార్ రేసింగ్‌కి ఒక మెట్టు కిందుండే ఎఫ్2 రేసులు వదలకుండా చూస్తాను. కానీ ఎవరు పైకి వెళ్తారన్న లెక్క మాత్రం అస్సలు తేలడం లేదు. 2022లో డ్రుగోవిచ్, 2023లో పూర్‌షేర్ ఛాంపియన్లయ్యారు. మరుసటి ఏడాది ఇద్దరికీ ఎఫ్1లో రెగ్యులర్ సీటు దక్కలేదు. అదే 2024లో ఆరో స్థానంలో నిలిచిన ఆంటొనెల్లికి మెర్సిడెస్ జట్టులో, పన్నెండో స్థానంలో ఉన్న బేర్‌మన్‌కి హాస్ జట్టులో ఎఫ్1 సీట్లు వచ్చేశాయి! బేర్‌మన్ సంగతి కొంత అర్థమవుతుంది: ఆ ఏడాది జెద్దా ఎఫ్1 రేసులో సైన్జ్ బదులు ఉన్నపళంగా ఫెరారీ ఎక్కి ఏడో స్థానం తెచ్చాడు మరి.

ఎఫ్1 నడపడానికి తప్పనిసరైన సూపర్ లైసెన్స్‌కి 40 పాయింట్లు కావాలని తెలుసు, అది గేటు పాసే కదా. ఆపైన దేన్ని చూడాలి? క్వాలిఫైయింగ్ వేగమా, టైర్లు కాపాడుకునే నేర్పా, ఎఫ్1 జట్ల జూనియర్ అకాడమీ అండా, స్పాన్సర్ల డబ్బా? ఎఫ్3 నుంచే ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి.