ఎల్‌సీ3-2 బ్యాండ్ పెరిగితే ఆటోఫజీ పెరిగినట్టేనా?

బ్లాట్_బాధితుడు:
ఆటోఫజీ (సెల్ తన చెత్తని తానే అరిగించుకోవడం) చూద్దామని హీలా సెల్స్‌కి (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ సెల్స్) మా కాంపౌండ్ 24 గంటలు ఇచ్చి వెస్ట్రన్ బ్లాట్ (ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి చూసేది) చేశా, ఆటోఫజీకి గుర్తుగా చూసే ఎల్‌సీ3-2 ప్రోటీన్ బ్యాండ్ కంట్రోల్ కంటే బాగా లావుగా వచ్చింది, గైడ్ గారు చూసి "ఆటోఫజీ పెరిగింది, రాసెయ్" అన్నారు, కానీ పీ62 అనే ప్రోటీన్ కూడా పెరిగింది, అది తగ్గాలి కదా? ఇంకో డౌట్, ఎల్‌సీ3-2కే కదా లిపిడ్ (కొవ్వు) అతుక్కునేది, బరువు ఎక్కువైతే జెల్‌లో కింద ఎందుకుంటుంది?

రాత్రి_షిఫ్ట్:
రాయకు తమ్ముడూ ఆగు. వీధి చివర చెత్తకుండీ పొర్లుతోందంటే జనం ఎక్కువ పడేస్తూ ఉండొచ్చు, లేదా మున్సిపాలిటీ బండి నాలుగు రోజులుగా రాకపోయి ఉండొచ్చు. ఎల్‌సీ3-2 ఆటోఫాగోజోమ్ (చెత్తని మూటకట్టే సంచి) పొర మీదే ఉంటుంది, లోపలి వైపు ఉన్నది లైసోజోమ్‌లో (చెత్తని అరిగించే సంచి) చెత్తతో పాటే అరిగిపోతుంది, కాబట్టి లైసోజోమ్ మొరాయించినా బ్యాండ్ లావెక్కుతుంది. పీ62 ఆ చెత్తని పట్టుకొచ్చి ఎల్‌సీ3కి తగిలించేది, తనూ దాంతోనే పోవాలి. రెండూ పేరుకున్నాయంటే బండి ఆగిందనే నా అనుమానం. నాలుగు లేన్లు వెయ్: కంట్రోల్, కాంపౌండ్, బాఫిలోమైసిన్ (లైసోజోమ్ పనిని ఆపే మందు), రెండూ కలిపి. కలిపిన లేన్ బాఫిలోమైసిన్ ఒక్కదాన్ని దాటితే నీ గైడ్ గారిదే కరెక్ట్. అన్నట్టు మీ కాంపౌండ్‌లో బేసిక్ అమైన్ (క్షార గుణమున్న నైట్రోజన్ గ్రూపు) ఏమైనా ఉందా? క్లోరోక్విన్ లైసోజోమ్‌లో చేరి ఆసిడ్ తగ్గించేది దాని వల్లే.

పీవీడీఎఫ్_అక్క:
బ్యాండ్ సంగతి నేను చెప్తా. ఏటీజీ4 అనే ఎంజైమ్ ఎల్‌సీ3 చివర కోసి గ్లైసిన్ బయటపెడితే దానికి ఫాస్ఫాటిడైల్ ఇథనాలమైన్ అనే లిపిడ్ అతుక్కుంటుంది, ఆ కొవ్వు వల్ల జెల్‌లో ఇంకా వేగంగా జారుతుంది, అందుకే కొవ్వు అతుక్కోని ఎల్‌సీ3-1 దాదాపు 16 దగ్గర, ఎల్‌సీ3-2 దాదాపు 14 కిలోడాల్టన్ల దగ్గర. నేను మొదట్లో రెండూ తారుమారు లేబుల్ పెట్టి ల్యాబ్ మీటింగ్‌లో పరువు పోగొట్టుకున్నా 😅 జెల్ నుంచి ప్రోటీన్లని దించే మెంబ్రేన్ 0.2 మైక్రాన్ రంధ్రాలదే వాడు, 0.45 అయితే ఇంత చిన్న ప్రోటీన్ అవతలికి దూకేస్తుంది. 2ని 1తో భాగించకు, అన్ని లేన్లలో సమానంగా ఉండాల్సిన యాక్టిన్‌తో పోల్చు.

ఊరికే_చూస్తున్నా:
పీ62 ఒక్కదాన్నే నమ్మకండి, ఆక్సిడేటివ్ స్ట్రెస్‌లో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ దాని జీన్‌ని కూడా లేపుతుంది. క్యూపీసీఆర్ (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచేది) ఒకటి చేసేస్తే గొడవ ఉండదు.

బ్లాట్_బాధితుడు:
అన్నా అమైన్ ఉంది, పిపరాజైన్ 🤦 నాలుగు లేన్లూ వేశా, కలిపింది, బాఫిలోమైసిన్ ఒక్కటీ అచ్చం ఒకేలా ఉన్నాయి. క్యూపీసీఆర్‌లో పీ62 కదల్లేదు. గైడ్ గారికి ఎలా చెప్పాలి?

రాత్రి_షిఫ్ట్:
ఏం చెప్పకు. బ్లాట్ ప్రింట్ తీసి టీ టైమ్‌లో ఆయన టేబుల్ మీద పెట్టు, ఆయనే అడుగుతారు.