రాజమండ్రిలో వంట చేసుకునే ఫ్లాట్ కావాలి, సలహా చెప్పండి

అందరికీ నమస్కారమండి. ఆగస్టులో మా అమ్మగారితో పది రోజులు రాజమండ్రిలో ఉండాలి, ఆవిడకి బీపీ, ఉప్పు తక్కువ వేసి నేనే వండాలి కాబట్టి హోటల్ కుదరదు. దానవాయిపేట, ప్రకాశంనగర్ లాంటి ఇళ్ల మధ్య ఫ్లాట్ చూస్తున్నాం. పోయినేడు కాకినాడలో ఒకచోట దిగితే పిడి ఊడిన మూకుడు ఒకటీ, తెల్లారేసరికి అయిపోయిన సిలిండరూ, అదీ వాళ్ల కిచెన్!

గ్యాస్, తాగే నీళ్ల టిన్నులు ఓనర్లే చూసుకుంటారా, మనమే తెచ్చుకోవాలా? కరెంటు పోతే లిఫ్టుకి జనరేటర్ ఉంటుందా, అమ్మ మెట్లెక్కలేదు. ఇంకోటి, కొందరు నీసు వండకూడదంటున్నారు. వరద నీళ్లొచ్చే రోజుల్లో, పుస్తెలమ్మైనా తినాలనే పులస దొరికే ఊరికొచ్చి పప్పుచారు కాచుకోమంటే ఎలాగండీ? అడ్వాన్స్ కట్టేముందు ఏమేం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.