స్కూల్ యాప్ మన పిల్లల్ని సరిగ్గా చూస్తోందా?

లక్ష్మి_కేఆర్‌పురం:
మా పాప థర్డ్ క్లాస్, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు స్కూలు. ఫీజులోనే కలిపి ఒక లెర్నింగ్ యాప్ ఇచ్చారు. పక్కన కూర్చుని చూశా, లెక్కల్లో రాకెట్ నడిపేది అబ్బాయే, పెట్రోల్ లెక్కేసేది నాన్నే, అమ్మ కనిపిస్తే మాత్రం కేకు లేదా కూరగాయలు. పైకి చదివే పాఠాలైతే ఇంకా ఘోరం. ఇంట్లో తెలుగు, కింద ఆటల్లో కన్నడ, క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడే పిల్ల, వెజిటేబుల్ అని మనందరం అన్నట్టే అంటే ఎర్ర గుర్తు పడుతోంది, మళ్లీ అన్నా ఎర్ర గుర్తే. ట్యాబ్ పక్కన పడేసి నాకు ఇంగ్లిష్ రాదమ్మా అంది. స్కూల్‌కి కంప్లైంట్ ఇద్దామనుకుంటున్నా, ఏమంటారు?

శ్రీను_బీటీఎం:
అక్కా, మరీ పెద్దది చేస్తున్నామేమో. మా వాడు అలాంటి యాప్‌తోనే ఎక్కాలు గడగడా చెప్తున్నాడు. మన పుస్తకాల్లోనూ అమ్మ వంటింట్లోనే ఉండేది, అయినా మన అక్కచెల్లెళ్లు ఇంజనీర్లు అయ్యారు కదా. యాస అంటారా, రేపు క్లయింట్ కాల్స్‌కి పనికొస్తుంది.

సరళ_టీచర్:
శ్రీను గారూ, మీ వాడికి నచ్చుతుందండీ, వాడి లాంటి పిల్లాడిని మనసులో పెట్టుకుని చేసిందే కాబట్టి. 1987లో అమెరికాలో హఫ్, కూపర్ అనే సైకాలజిస్టులు టీచర్లకి సాఫ్ట్‌వేర్ ఐడియాలు రాయమని ఇచ్చారు, కొందరికి అబ్బాయిల కోసం, కొందరికి అమ్మాయిల కోసం, మిగతావాళ్లకి ఉత్తినే విద్యార్థుల కోసం అని. అబ్బాయిలకి ఆటలు రాశారు, అమ్మాయిలకి పాఠం నేర్పేవి రాశారు, విద్యార్థులకి అని రాసినవి చూస్తే అచ్చం అబ్బాయిలవే! రాసినవాళ్లలో ఆడ టీచర్లూ ఉన్నారు, అదే నాకు బాధ.
యాస సంగతీ అంతే. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల మాట విని రాసే సిస్టమ్స్‌ని పరీక్షిస్తే తెల్లవాళ్ల మాటల్లో నూటికి సుమారు 19 తప్పు విన్నాయి, నల్లవాళ్లవైతే 35. అమెరికాలో పెరిగిన వాళ్ల ఇంగ్లిషే దానికి అర్థం కాకపోతే మన పిల్లలకి మార్కులేసే అర్హత దానికెక్కడిది?

శ్రీను_బీటీఎం:
ఈ లెక్కలు నాకు తెలీదండీ, ఆలోచించాల్సిందే. కానీ నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కో పిల్ల చదువుతుంటే వినే తీరిక టీచర్‌కి ఎక్కడుంది? ఆ యాప్ తీసేస్తే అసలు వినేవాళ్లే ఉండరు.

సరళ_టీచర్:
అది నిజం, నేనూ క్లాసులో నలిగేదాన్నే. విననివ్వండి, మార్కు మాత్రం వేయనివ్వద్దు. తప్పన్న చోట రికార్డింగ్ మాకు వినిపించాలి, మేం దిద్దే వీలుండాలి.

లక్ష్మి_కేఆర్‌పురం:
థాంక్స్ టీచర్ గారూ, అయితే యాప్ తీసేయమని అడగను. చదివే స్కోరు రిపోర్ట్ కార్డులో కలపొద్దని, ఆ లెక్కల ప్రశ్నలు మార్చాకే వచ్చే ఏడాదికి యాప్ వాళ్లకి డబ్బు కట్టమని స్కూల్‌కి రాస్తున్నా. కేఆర్ పురం, మారతహళ్లి వైపు పేరెంట్స్ ఎవరైనా సంతకం పెడతారా?