మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ సన్నబడింది. పట్టీ బిగించి తక్కువ బరువుతో చేయొచ్చా?

అడిగినవారు (రాజాం):
నమస్కారం. కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు) తెగింది. ఆపరేషన్ అయి ఇది అయిదో నెల. నడక బాగానే ఉంది గానీ కుడి తొడ బాగా సన్నబడిపోయింది. బరువు పెంచితే చిప్ప కింద నొప్పి. తొడ మొదట్లో సైకిల్ ట్యూబు బిగించి చిన్న బరువుతో చేస్తే పెద్ద బరువులెత్తినంత కండ పడుతుందని మా జిమ్‌లో ఒక అన్న చెప్పాడు. బీఎఫ్ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే రక్తప్రవాహం తగ్గించి చేసే వ్యాయామం) అంటారట. నిజమేనా? ఎంత బిగించాలి? కాలికి రక్తం ఆగితే ఏమవుతుందోనని ఇంట్లో అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు (విజయనగరం, ఫిజియోథెరపిస్టు):
తమ్ముడూ, పద్ధతి నిజమే. ట్యూబు మాత్రం ఈరోజే పక్కన పడేయ్. సన్నటి రబ్బరు ఒక్కచోట కోసుకున్నట్టు నొక్కుతుంది, నరం దెబ్బతింటుంది. వెడల్పాటి కఫ్ (గాలి నింపి బిగించే పట్టీ) అయితే తక్కువ ఒత్తిడితోనే పని జరుగుతుంది.

అమ్మగారికి ఇలా చెప్పు. కాలికి రక్తం పూర్తిగా ఆపం. చెరువులోకి నీరు వస్తుండగా తూము సగం మూసినట్టు, రక్తం కాల్లోకి కొంత తగ్గి వస్తూనే ఉంటుంది, తిరిగి పైకి వెళ్లేది మాత్రం చాలావరకు నిలుస్తుంది. కండకు ఆక్సిజన్ చాలక త్వరగా అలిసిపోతుంది. మామూలుగా పెద్ద బరువు ఎత్తినప్పుడే పనిలోకి దిగే కండపోగులు చిన్న బరువుకే దిగాల్సి వస్తుంది. కీలు మీద భారం తక్కువ, కండకు పని ఎక్కువ. నీలాంటి మోకాళ్లకు ఇది అందుకే పనికొస్తుంది. జపాన్‌లో యోషియాకి సాటో అనే ఆయన 1966లో, మోకాళ్లు మడిచి చాలాసేపు కూర్చున్నప్పుడు పిక్కలు బిగుసుకోవడం గమనించి ఈ ఆలోచన మొదలుపెట్టాడు. ఈ పద్ధతికి కాట్సు అన్న పేరు అక్కడిదే.

బరువు: ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 30 శాతం. ఆపరేషన్ అయిన కాలితో ఆ గరిష్ఠం ఎంతో పరీక్షించొద్దు. మంచి కాలితో పదిసార్లు కష్టంగా ఎత్తగలిగేది 20 కిలోలు అనుకో, దాని గరిష్ఠం దాదాపు 27. అంటే 5 నుంచి 8 కిలోల మధ్య, అందులోనూ కింది అంచు నుంచే మొదలుపెట్టు. మొదటి సెట్ 30 రెప్స్ (30 సార్లు ఎత్తి దించడం), తర్వాత మూడు సెట్లు 15 చొప్పున, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. ఆ విశ్రాంతిలో కఫ్ వదలకూడదు. నాలుగో సెట్ అవగానే పూర్తిగా వదిలెయ్. వారానికి రెండు మూడు రోజులు చాలు. మొదటి రోజు రెండు సెట్లతో ఆపు.

ఏ వ్యాయామం చేయాలో నీ సర్జన్‌ను అడగాలి. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో కాలు పూర్తిగా చాచడం కొత్త లిగమెంటుకు ఏ దశలో మంచిదో ఆయనే చెప్పాలి. లెగ్ ప్రెస్, కుర్చీ మీదకు కూర్చుని లేవడం సాధారణంగా ముందు మొదలవుతాయి.

అడిగినవారు (రాజాం):
కఫ్ ఒత్తిడి ఎంతో తెలుసుకోవడం ఎలా సార్?

జవాబు (విజయనగరం, ఫిజియోథెరపిస్టు):
సరైన దారి డాప్లర్‌తో (నాళంలో రక్తం పారడాన్ని పట్టి చూపే పరికరం) చూడటమే. కఫ్ ఎంత బిగిస్తే పాదం దగ్గర నాడి ఆగిపోతుందో కొలిచి, అందులో 40 నుంచి 80 శాతం పెడతాం. ఒక్కసారి ఫిజియో దగ్గర కొలిపించుకో, ఆ అంకె రాసుకో. ఇంట్లో బీపీ చూసే చేతి కఫ్ తొడకు సరిపోదు.

ఒత్తిడి సరిగా ఉందో లేదో కాలే చెబుతుంది. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. కండలో మంట పుట్టడం మామూలే. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, పాదం తెల్లబడటం లేదా నీలమవడం మామూలు కాదు, వెంటనే వదిలెయ్. మర్నాడు మూత్రం టీ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు. కండ విపరీతంగా దెబ్బతిని, అందులోని పదార్థం కిడ్నీల మీద పడిందన్నమాట. అరుదే, కానీ జరుగుతుంది.

ప్రశ్న (కంచిలి):
నేనూ చేద్దామనుకుంటున్నాను. నడుము నొప్పి వల్ల బరువులు ఎత్తలేను. మా నాన్నగారికి కిడ్నీ జబ్బు. నాకు ఏ ఇబ్బందీ లేదు.

జవాబు (విజయనగరం, ఫిజియోథెరపిస్టు):
అన్నయ్యా, మీరు ఆగండి. మీరు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉన్నారు. అక్కడ జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే ఎంతోమందికి కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా ఏ లక్షణమూ కనపడలేదు. అందుకే ‘ఇబ్బంది లేదు’ అన్న మాట మీద నేను మీకు కఫ్ కట్టను. ముందు పలాసలోనో సోంపేటలోనో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకోండి. అవి మామూలుగా ఉన్నాయని డాక్టరు చెప్పాకే ఆలోచిద్దాం. ప్రొటీన్ పౌడరు కూడా అప్పటిదాకా వద్దు.

ఇంకెవరైనా చదువుతుంటే వాళ్లకూ చెబుతున్నాను. కాలి సిరలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవారు, వెరికోస్ వీన్స్ (కాళ్లలో ఉబ్బి మెలితిరిగిన సిరలు) ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు చేయొద్దు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ వాళ్లు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోకుండా దీని జోలికి పోవద్దు. ఆక్సిజన్ తగ్గితే ఆ జబ్బున్నవారి ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి నాళాల్లో అడ్డుపడతాయి. పట్టీ చేసే పనే ఆక్సిజన్ తగ్గించడం.

జవాబు (నెల్లిమర్ల, వెయిట్‌లిఫ్టర్):
మా పక్కన కొండవెలగాడలో పిల్లలు చిన్నప్పటి నుంచి బార్ పట్టుకుంటారు. ఆమదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. పట్టీ కట్టి 6 కిలోలు ఆడిస్తే ఆ బలం రాదు కదా సార్?

జవాబు (విజయనగరం, ఫిజియోథెరపిస్టు):
రాదు, మీరన్నది సరైన మాట. కండ పరిమాణం విషయంలో ఇది పెద్ద బరువుల శిక్షణకు దగ్గరగా వస్తుంది. బలం విషయంలో వెనకే ఉంటుంది. బరువు ఎత్తడం నరాలకూ అలవాటు కావాలి, అది బరువు ఎత్తితేనే వస్తుంది. కండను ఎముకకు కలిపే స్నాయువులకూ ఆ భారం కావాలి. దెబ్బ తగలని లిఫ్టరుకు ఇది అసలు శిక్షణ అయ్యాక చివర్లో వేసుకునే అదనపు సెట్లకు పరిమితం.

రాజాం తమ్ముడికి కూడా అదే లెక్క. వర్కౌట్ అవగానే తొడ ఉబ్బి కనిపిస్తుంది, అది కండ కాదు. మర్నాడు ఉదయం చిప్పకు 15 సెంటీమీటర్ల పైన టేపు పెట్టి రెండు కాళ్లూ కొలిచి రాసుకో. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నొప్పి లేకుండా మామూలు బరువు ఎత్తగలిగిన రోజు నుంచి కఫ్ రోజులు ఒక్కొక్కటిగా తగ్గించి, ఆ చోట బరువు పెంచు. కబడ్డీ కోర్టులోకి మాత్రం తొడ కొలత చూసి దిగకు. రెండు కాళ్ల బలం, ఒంటికాలి గెంతు పరీక్షించి సర్జన్ సరే అన్నాకే దిగు.