ఆరోగ్యంగా ఉన్న రెండో రొమ్మును కూడా తీయించుకోవాలా?

ప్రశ్న (హనుమకొండ):
నా వయస్సు 44 సంవత్సరాలు. ఎడమ రొమ్ములోని గడ్డకు బయాప్సీ చేయించగా హార్మోన్ పాజిటివ్ (శరీరంలోని హార్మోన్ల వల్ల పెరిగే) క్యాన్సర్ అని తేలింది; చంకలోకి పాకినట్లు స్కానింగులో కనబడలేదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందని సర్జన్ గారు చెబుతున్నా, మళ్ళీ ఈ భయమే లేకుండా రెండు రొమ్ములనూ ఒకేసారి తీయించుకోవాలని నాకు అనిపిస్తున్నది. మా అమ్మ చెల్లెలు అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. "బాగున్నదాన్ని ఎందుకు కోయించుకుంటవు వదినా" అని మా ఆడబిడ్డ అడ్డుపడుతున్నది. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (కాజీపేట):
అక్కా, ప్రాణానికి ముప్పు ఎడమవైపు గడ్డ నుండి ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరగల కణాల వల్లనే గాని కుడి రొమ్ము వల్ల కాదు; దానిని తీసివేసినా ఆ ముప్పు తగ్గదు. అమెరికాలోను, మిలాన్‌లోను స్త్రీలను 20 సంవత్సరాల పాటు గమనించి 2002లో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవారికీ రొమ్ము మొత్తం తీసినవారికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. జన్యులోపం లేనివారికి రెండో వైపు కొత్తగా క్యాన్సర్ వచ్చే అవకాశం సాధారణంగా ఏడాదికి అర శాతం లోపే. హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు దానిని ఇంకా తగ్గిస్తాయి. నేను గడ్డ వరకే తీయించుకున్నాను. ఏటా మామోగ్రామ్ రిపోర్టు చేతికందే దాకా అన్నం సయించదన్న మాట మాత్రం నిజం.

జవాబు (జనగామ):
పై సోదరి చెప్పినది సరియే గాని, అండాశయ క్యాన్సర్ మాటను దాటవేయరాదు. మా ఇంట్లోనూ అదే ఉండటంతో పరీక్ష చేయిస్తే నాకు బీఆర్‌సీఏ1 జన్యులోపం బయటపడింది; వంశంలో వచ్చే ఈ లోపం రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండింటి ముప్పునూ పెంచుతుంది. ఆ లోపం ఉండి ఒక వైపు క్యాన్సర్ వచ్చినవారికి, 20 ఏళ్ళలో రెండో వైపు కూడా వచ్చే అవకాశం సుమారు 40 శాతం కనుక నేను రెండూ తీయించుకున్నాను. చింత లేదు, కాని కష్టం చెప్పాలి. గాయంలోని నీరు పోవడానికి పెట్టిన గొట్టాలు రెండు వైపులా వేలాడుతుండగా మంచం మీద నుండి లేవడానికి ఏ చేతినీ ఆనించలేము. నాకు జడ కూడా మా కోడలే వేసింది. ఛాతీ ఇప్పటికీ మొద్దుబారే ఉన్నది, మనుమరాలు తల వాల్చినా బరువు తప్ప స్పర్శ తెలియదు.

జవాబు (వరంగల్, నర్సు):
అమ్మా, క్యాన్సర్ ఉన్న వైపుకే ఇప్పుడు తొందర. రెండో వైపు ఆపరేషన్‌ను తర్వాతైనా చేయించుకోవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే పుండు మానడంలో చిక్కులు పెరిగి, తదుపరి చికిత్స వెనుకబడే ప్రమాదమున్నది. జన్యుపరీక్షకు రక్తం ఆపరేషన్‌కు ముందే ఇవ్వండి, ఎందుకంటే లోపం తేలితే ఎడమవైపు ఏం చేయాలన్నదీ మారవచ్చు, మీ అక్కచెల్లెళ్ళూ పరీక్ష చేయించుకోవలసి రావచ్చు. ఈ పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో ముందే అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నర్సంపేటలో చిన్నమ్మ వాళ్ళ ఇంట్లో ఉన్న ఆసుపత్రి కాగితాలు తెప్పిస్తున్నాను. పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆపరేషన్ ఎన్ని రోజులు ఆపవచ్చో సర్జన్ గారిని అడుగుతాను.